బాత్రూముకి ఎన్ని అడుగులు?

మా ఇంట్లో వేసవి సెలవుల పంచాయితీ దసరాకే మొదలవుతుంది. నవ్వకండి. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం వారి క్యాంప్‌గ్రౌండ్లలో తొమ్మిది నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. అంటే జులై రెండో వారంలో అడిరాండాక్ కొండల్లో చెరువు గట్టున గుడారం వేసుకోవాలంటే, అక్టోబరు రెండో వారంలో పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మన రైల్వే తత్కాల్ టికెట్ల అనుభవం ఉన్నవాళ్ళకి ఇక్కడ కాస్త చెయ్యి తిరుగుతుంది.

2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది. మా ఆవిడ ఒకపక్క గారెలకి పిండి రుబ్బుతోంది. నేను ఇంకోపక్క మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. ఈసారి లెక్క తప్పకూడదు. ఎందుకంటే 2025 వేసవికి రాజమండ్రి నుంచి అమ్మ వస్తానంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, రాత్రి రెండుసార్లయినా లేవాలి. ఆ ఆగస్టులోనే మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోతుంది. అందరం కలిసి వెళ్ళే యాత్ర మళ్ళీ ఎప్పటికో.

లెక్క తప్పడమంటే ఏమిటో మాకు బాగా తెలుసు. 2011లో మొదటిసారి వెళ్ళినప్పుడు లేక్ జార్జ్ దగ్గర ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ తీసుకున్నాం. ఫోటోల్లో చెరువు, చెట్లు, నవ్వుతున్న పిల్లలు. వెళ్ళి చూస్తే మా సైటుకి ఎడంపక్క హైవే, కుడిపక్క బస్సంత ఆర్వీ, దాని జనరేటరు. మా టెంటు వేసింది పల్లంలో. రాత్రి వాన పడింది. నాలుగేళ్ళ అమ్మాయిని భుజాన వేసుకుని, తడిసిన దుప్పట్లతో కారులో కూర్చుని తెల్లవార్చాం. "ఇండియాలో కరెంటు పోతే తిట్టుకునేవాళ్ళం, ఇక్కడికొచ్చి డబ్బులిచ్చి మరీ చీకట్లో తడుస్తున్నాం" అంది మా ఆవిడ. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెతే.

అయినా మళ్ళీ మళ్ళీ అక్కడికే ఎందుకంటే, ఆ ప్రాంతం అలాంటిది. అడిరాండాక్ పార్కు సుమారు 60 లక్షల ఎకరాలు. మన పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపినా అంత కావు. మూడు వేలకు పైగా చెరువులు, సరస్సులు. 19వ శతాబ్దంలో కలప కోసం అడవిని నరికేస్తూ పోతే, నదులూ కాలువలూ ఎండిపోతాయని భయపడి 1885లో ప్రభుత్వ భూముల్ని అటవీ సంరక్షణ కిందకి తెచ్చారు. 1892లో పార్కు ఏర్పడింది. 1894లో ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసేశారు, ఈ ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలి, అమ్మకూడదు, నరకకూడదు అని. తమాషా ఏమిటంటే పార్కులో సగం దాకా ప్రైవేటు భూమి. గేటూ ఉండదు, టికెట్టూ ఉండదు. ఊళ్ళూ, బళ్ళూ, పెట్రోలు బంకులూ అన్నీ లోపలే.

ఇంత పెద్ద చోట ఏ చెరువు పక్కన దిగాలి? పిల్లలున్న కుటుంబాలు ఫిష్ క్రీక్ పాండ్ అంటారు. నిజమే, అక్కడ చాలా సైట్లు నీటి ఒడ్డునే, టెంటులోంచి లేచి నేరుగా పడవలో కూర్చోవచ్చు. అయితే మూడు వందలకు పైగా సైట్లు, మోటారు బోట్లు, సైకిళ్ళు. జులైలో మన తిరునాళ్ళే. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్ళి సందడి చేయాలనుకుంటే అంతకన్నా మంచి చోటు లేదు. నిశ్శబ్దం కావాలంటే రాకెట్ లేక్ దగ్గర బ్రౌన్ ట్రాక్ట్ పాండ్ ఉంది. చిన్నది, మోటారు బోట్లకి అనుమతి లేదు. కానీ వేడినీళ్ళ షవర్లు లేవు. అమ్మతో అది కుదరదు. లేక్ జార్జ్ దీవుల్లో సైట్లున్నాయి, పడవలో తప్ప వెళ్ళలేం. మావాడు పన్నెండేళ్ళవాడు, "దీవి! దీవి!" అని గంతులేశాడు. నాన్నమ్మని పడవెక్కించి, బియ్యం మూటా, ఐస్ పెట్టే ఎక్కించి, గాలొస్తే ఏం చేస్తావురా అంటే నోరు మూశాడు.

చివరికి బ్లూ మౌంటెన్ లేక్ ఊరికి దగ్గర్లో లేక్ డ్యురాంట్ మీద వేలు పెట్టాను. సైట్లు తక్కువ. షవర్లున్నాయి, చిన్న బీచి ఉంది. తీరా చూస్తే నా మనసు వెనక్కి లాగింది. ఎందుకో చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో క్యాంప్‌గ్రౌండ్ ఎంపిక చేసింది నేను కాదు, నా ఫోను. ప్రొడక్షన్ సపోర్టులో ఉన్న కన్సల్టెంటుకి సిగ్నల్ లేని చోటు సెలవు కాదు, గండం. ఏ చెరువు బాగుందన్నా ముందు సెల్ టవరెక్కడుందో చూసేవాడిని. లేక్ డ్యురాంట్‌లో సిగ్నల్ అందదని వెళ్ళొచ్చిన స్నేహితుడొకాయన ముందే చెప్పాడు. నేను నసుగుతుంటే మా అమ్మాయి వెనక నిలబడి మ్యాపు చూసి, "నాన్నా, నేను చిన్నప్పుడు గీసిన క్యాంపింగ్ బొమ్మ గుర్తుందా? అందులో నువ్వు చెట్టు కింద నిలబడి ఫోను మాట్లాడుతుంటావ్" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. బుక్ చేసేశాను. శనివారం నుంచి నాలుగు రాత్రులు.

సైటు నంబరు ఎంచుకోవడం వేరే విద్య. బాత్రూముకి ఆనుకుని ఉంటే రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు. దూరమైతే అమ్మకి కష్టం. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచి, వంద అడుగులు వేస్తే చేరేట్టున్న సైటు పట్టాను. మ్యాపు ఎత్తుపల్లాలు చూపించదు, చెట్ల వేర్లు అసలే చూపించదు. అక్కడికెళ్ళాక అమ్మ లెక్కపెడితే, చుట్టూ తిరిగి వెళ్ళే దారిలో నూట తొంభై అడుగులు తేలాయి. "ఒరేయ్, ఇంజనీరువేనా నువ్వు?" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

న్యూజెర్సీ నుంచి ఐదు గంటల పైమాటే. 87వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి వెళ్ళి, వారెన్స్‌బర్గ్ దగ్గర 28లోకి తిరిగాక హడ్సన్ నది పక్కనే కనిపిస్తుంది. అమ్మ నమ్మలేదు. జెర్సీ సిటీలో ఓడలు తిరిగే నది ఇదేనా అంది. మౌంట్ మార్సీ అని 5,344 అడుగుల శిఖరం ఉంది, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తు. దాని పక్కన మేఘాల కన్నీటి చుక్క అనే అర్థం వచ్చే పేరుతో చిన్న మడుగు ఉంది, హడ్సన్‌కి అన్నిటికంటే ఎత్తున ఉన్న జన్మస్థానం అదే అని చెప్పాను. "అయితే ఇది మన త్రయంబకం అన్నమాట" అంది. రాజమండ్రి మనిషి కదా, ఏ నదినైనా గోదావరితోనే కొలుస్తుంది.

వెళ్ళదలచినవాళ్ళకి రెండు మూడు జాగ్రత్తలు. జూన్ ఆఖరు దాకా బ్లాక్ ఫ్లైస్ అనే చిన్న నల్ల ఈగలు చెవుల వెనక కుట్టి చంపుతాయి. జులై రెండో వారానికి తగ్గుతాయి, దోమలు మాత్రం ఉంటాయి. జులైలో కూడా రాత్రి చలి వేస్తుంది, స్వెట్టర్లు మరవకండి. వంటచెరకు ఇంటి నుంచి మోసుకెళ్ళకండి, 50 మైళ్ళకి మించి శుద్ధి చేయని కట్టెలు తరలించడం చట్టరీత్యా నేరం. చెట్లని తినేసే పురుగులు కట్టెలతోపాటు ప్రయాణం చేస్తాయి. అక్కడే దొరికేవి కొనుక్కోండి.

ఇక ఎలుగుబంట్లు. తిండి ఏదైనా సరే టెంటులో ఉంచకూడదు, కారులో పెట్టి తాళం వెయ్యాలి. ఆవకాయ, నెయ్యి, పులిహోర అన్నీ కారెక్కించాం. మర్నాడు ఉదయం అమ్మ దిండు కింద చూస్తే స్టీలు డబ్బా! సున్నుండలు. "మనవరాలు అర్ధరాత్రి ఆకలంటే?" అంది. అదృష్టం బాగుండి, వాటి వాసన పట్టింది చిప్‌మంక్ ఒక్కటే. అది కూడా డబ్బా మూత దగ్గర ఓడిపోయింది.

మొదటి సాయంత్రం నేను ఉండబట్టలేక ఇండియన్ లేక్ ఊరిదాకా కారేసుకుని వెళ్ళాను. సిగ్నల్ వచ్చింది. పదిహేడు మెయిళ్ళు, అందులో నాకు సంబంధించినవి రెండు, ఆ రెంటికీ అప్పటికే ఎవరో జవాబిచ్చేశారు. రెండోరోజు వెళ్ళలేదు. మూడోరోజు పిల్లలతో బ్లూ మౌంటెన్ ఎక్కాను. రెండు మైళ్ళే గానీ నిట్టనిలువుగా ఉంటుంది. పైన అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన, బురుజు లాంటి పాత ఇనుప టవరు. ఎక్కి చూస్తే కనుచూపు మేర చెరువులే. ఆ సమయానికి అమ్మా, మా ఆవిడా కొండ కింద మ్యూజియంలో పాత చెక్క పడవలు చూస్తున్నారు. 1957లో తెరిచిన మ్యూజియం అది, అడవి బతుకంతా అక్కడ దాచిపెట్టారు. మోకాళ్ళు సహకరించనివాళ్ళకి ఒక రోజంతా గడిచిపోతుంది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం రాత్రుల గురించి. నూట తొంభై అడుగుల దూరం కాబట్టి, నాన్నమ్మ ఒక్కతే వెళ్ళకూడదని మా అమ్మాయి ఆవిడ టెంటులోకి మారింది. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఇద్దరూ టార్చిలైటు వేసుకుని వెళ్ళేవాళ్ళు. వెళ్ళడం రెండు నిమిషాలు, రావడం అరగంట. నీటి ఒడ్డున ఆగిపోయేవాళ్ళు. ఆ చెరువు మీద లూన్ అనే నీటిపక్షి ఉంటుంది. పగలు బాతులా అమాయకంగా ఈదుతుంది, రాత్రి దాని పిలుపు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మొదటి రాత్రి అమ్మ భయపడిందట. మూడో రాత్రికి అది ఒకటి పిలిస్తే అవతలి గట్టు నుంచి ఇంకోటి పలుకుతుందని కనిపెట్టారు. నేను టెంటులో పడుకుని, గుసగుసలూ నవ్వులూ వింటూ ఉండేవాడిని. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. మా అమ్మాయికి తెలుగు అంత రాదనుకునేవాడిని.

ఆగస్టులో అమ్మాయి కాలేజీకి, అక్టోబరు మొదట్లో అమ్మ రాజమండ్రికి వెళ్ళిపోయారు. ఆ వారమే మళ్ళీ బుకింగ్ కిటికీ తెరిచాను. ఈసారి అదృష్టం, బాత్రూముకి దగ్గరగా, ముప్ఫై అడుగుల్లో ఒక సైటు ఖాళీగా కనపడింది. వచ్చే వేసవికి కూడా రమ్మని అమ్మని ఎలాగోలా ఒప్పించవచ్చని వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"అదొద్దు నాన్నా. నాన్నమ్మ వచ్చేట్టయితే పాతదే తీసుకో" అంది.