“సెవరల్లీ” యను మాట

వాడుక తప్పిన యాంగ్లపదములన్న మాకు బాల్యమునుండియు మక్కువ మెండు. షేక్‌స్పియరు నాటకములు చదువునపుడు కనబడిన పాతమాటల నెల్ల నొక పుస్తకములో వ్రాసికొని, వానికి దీటగు సంస్కృతపదములను ప్రక్కన చేర్చుట మా వినోదము. బడిలో నిరువదియేండ్లుగా పాఠములు చెప్పుచు నా పుస్తకమును పెంచుకొనుచునే యుంటిమి. పాతమాటలు కావ్యములలోనే యుండుననియు, నిత్యవ్యవహారమున వానితో నెవరికిని పనిలేదనియు తలచితిమి. ఆ తలంపు తప్పని మాకు నేర్పినవాడు చదువురాని యొక మిరపరైతు.

2021వ సంవత్సరమున గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలను నల్లతామరపురుగు పాడుచేసిన సంగతి చదువరు లెరుగుదురు. ఆ యేటి వేసవిలో మా యూరి రైతొకడు పొరుగుచేనివాని యప్పునకు పూచీ పడబోవుచు, ఆంగ్లమున నచ్చొత్తిన పత్రమును మా యరుగుమీదికి తెచ్చెను. అప్పు 6 లక్షల రూపాయలు; పూచీదారులు ముగ్గురు. “మాస్టారూ, రేపు తేడా వస్తే నా మీద ఎంత పడుతుందండీ?” అని యడిగెను. పత్రములో “జాయింట్లీ అండ్ సెవరల్లీ” అని యుండెను. “సెవరల్” అనగా పెక్కండ్రనియే గదా బడిలో చెప్పుచున్నాము! “ముగ్గురూ కలిసి కట్టాలి బాబాయ్, నీ వంతు రెండు లక్షలు” అని ధైర్యముగా చెప్పితిమి. అతడు పోయి సంతకము చేసెను.

పంట పోయినది. అప్పుగొన్నవాడు చేతులెత్తెను. పూచీదారులలో నొకడు ఊరు విడిచెను. మరియొకనికి ఆస్తి లేదు. ఋణమిచ్చినవారు మొత్తము సొమ్మునకును మా రైతునకే నోటీసు పంపిరి.

అప్పుడు మేము నిఘంటువు విప్పితిమి. “సెవరల్” అను మాట లాటినుభాషలో వేరుచేయుట యను నర్థముగల ధాతువునుండి వచ్చినది. దాని మొదటి యర్థము “వేరువేరు” అనియే. లోకవ్యవహారమున ఆ యర్థము దాదాపుగా పోయినను, దస్తావేజులలో చెక్కుచెదరక నిలిచియున్నది. కావున పత్రములోని మాటల తాత్పర్య మిది: అందరును కలసియు బాధ్యులే, ప్రతివాడును విడిగా మొత్తమునకును బాధ్యుడే. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరు షరతు లేనిచో పూచీదారుని బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానము. తనవంతునకు మించి చెల్లించినవాడు తోటి పూచీదారులనుండి రాబట్టుకొనవచ్చును. కాని చెల్లించుట ముందు, రాబట్టుట తరువాత.

మాకు మరింత సిగ్గు కలిగించిన దొకటి కలదు. యాజ్ఞవల్క్యస్మృతిలో నీ భేదమే చెప్పబడియున్నది. పలువురు పూచీదారులు వంతులవారీగా నిచ్చుట యొకటి. “ఏకచ్ఛాయాశ్రితులై”, అనగా ప్రతివాడును ఋణస్థుని నీడలో నిలిచి మొత్తమునకు పూచీపడుట మరియొకటి. ఈ రెండవ పక్షమున ఋణదాత తన కిష్టమైనవానినుండి వసూలు చేసికొనవచ్చును. సంస్కృతమున నెరిగిన న్యాయమును ఆంగ్లమున నానవాలు పట్టలేకపోతిమి.

ఇట్టి మాట యిది యొక్కటియే కాదు. మన పిల్లలు అమెరికాకు కొనిపోవు భారత పాస్‌పోర్టులో, దానిని ధరించినవానిని “వితవుట్ లెట్ ఆర్ హిండ్రెన్స్” పోనిమ్మని యున్నది. “లెట్” అనగా అనుమతించుట యని నేర్చిన బాలునకు “అనుమతి లేకుండ” అని తోచును. ఇచట “లెట్” అనగా అడ్డంకి. ఈ యర్థము 1611వ సంవత్సరమున వెలువడిన యాంగ్ల బైబిలులోను కలదు. పూర్వము వేరైన రెండు మాటలు కాలక్రమమున నొకే రూపము పొందినవి.

ఆంగ్లమును తీసి తెలుగు పెట్టిన నీ చిక్కు తీరునని కొంద రందురు. “ఉమ్మడిగాను, విడివిడిగాను” అని తెలిగించినచో, ఎవరివంతు వారిదనియే రైతు గ్రహించును. “ముగ్గురిలో నే యొక్కరినుండియైనను మొత్తము బాకీ వసూలు చేయవచ్చును” అని వ్రాసిన తప్పేమి? కాగితము ఏ భాషలోనున్నను, దానివలన నష్టపోవువానికి తెలియునట్లు వ్రాయుట ధర్మము.

మా రైతు ప్రత్తిచేనిలో నొక యెకరము అమ్మి బాకీ తీర్చెను. మేము మా జీతములోనుండి కొంత యీయబోగా పుచ్చుకొనలేదు. “మీరేం చేస్తారు మాస్టారూ, మీకు తెలిసిందే చెప్పారు” అనెను. మాకు తెలిసినది చెప్పలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిమి. ఈ సంగతి యతనితో చెప్పుటకు మాకు మరి నాలుగు నెలలు పట్టినది.

నేడు మా యరుగుమీదికి కాగితము వచ్చినచో, “చూచి రేపు చెప్పెదము” అనుచున్నాము; సందేహమున్న వకీలునొద్దకు పంపుచున్నాము. ఇంట నాంగ్లము చదివినవారున్న ప్రతి కుటుంబమునకును ఇరుగుపొరుగువారి కాగితములు వచ్చుచునే యుండును. తెలిసిన మాటవలె కనబడినదానినే వారు రెండుమారులు చూడవలెనని మా మనవి.