ఐదో తంతి

మా రామకుప్పం పక్క ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడి మొహం ఎవరికీ గుర్తుండదు. ఈలలు పాడే అమ్మాయికి, దండలు కీబోర్డు ఆయనకు. మనం డ్రమ్స్ పక్కన చీకట్లో నిలబడి రాత్రంతా వాయించి, తెల్లారుజామున టెంపోలో బాక్సుల మీద తల పెట్టుకొని ఇంటికొస్తాం. అందుకేనేమో, మాలో ఒకడికి కొత్త గిటార్ మీద మనసు పడిందంటే అందులో సంగీతం పాలు సగమే. మిగతా సగం, ఇప్పుడైనా నాపక్క చూడండ్రా అనే ఆశ.

నాకు అప్పటికే ఒకటుంది. నాలుగు తంతులది, ఫెండర్ ప్రెసిషన్‌కు నకలు. అసలుదాన్ని అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చాడు. అంతకుముందు బేస్ అంటే మనిషెత్తు వాద్యం. మెట్లుండవు, స్వరస్థానం చెవితో వెతుక్కోవాల్సిందే. ఆయన మెట్లు బిగించి, తంతి పొడవు 34 అంగుళాలు చేసి, భుజాన తగిలించుకునేట్టు చేశాడు. నా నకలుకు తంతులు తుప్పుపట్టి, మెడ కొంచెం వంగి, వేలు నొక్కితే చాలు నొప్పి. మెడ లోపలుండే కడ్డీని చిన్న రెంచితో తిప్పి, కొత్త తంతులు వేస్తే తీరిపోయేదే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ రిపేరు చేయించిన గిటార్‌ను ఎవరికి చూపించుకుంటాం?

ఇక ఫోన్లో వీడియోలు. ఎవడో విదేశీయుడు అయిదు తంతుల గిటార్‌తో, కళ్ళు మూసుకొని, అడుగునుంచి గుమ్మని ఒక స్వరం తీస్తాడు. నాలుగు తంతులదానిలో అన్నిటికన్నా కిందిది 41 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అయిదోది 31 దాకా దిగుతుంది. ఆ పది హెర్ట్జ్ లేకపోవడంవల్లే నా బతుకిలా ఉందని తీర్మానించుకున్నాను. నవ్వకండి. మీరు ఫోను మార్చినప్పుడు కెమెరాల లెక్క చూసి మార్చలేదా?

పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు చేతిలో పడింది. నాయన బోరు మోటారు సంగతి ఎత్తేలోపలే కుప్పంలో రైలెక్కి బెంగుళూరు చేరుకున్నాను. షాపులో అద్దాల గదిలో కూర్చోబెట్టి, అయిదు తంతులదాన్ని బీరువా అంత బేస్ యాంప్లిఫయర్‌కు తగిలించి ఇచ్చారు. లావు తంతి మీటాను. కూర్చున్న స్టూలు అదిరింది. నేను మురిసింది సగం ఆ యాంప్లిఫయర్‌ను చూసేనని అప్పుడు తట్టలేదు. పట్టీ వేసుకొని నిలబడి చూద్దామనీ తట్టలేదు. జాతరలో నాకు స్టూలెవరు వేస్తారు?

కొని తెచ్చుకున్నాక మొదటి దెబ్బ బ్యాటరీది. ఆ గిటార్ లోపల చిన్న ప్రీయాంప్ ఉంది, దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. వైరు గిటార్‌కు గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా, అది అరుగుతూనే ఉంటుంది. రిహార్సల్ అయ్యాక పీకకుండా అట్లే వదిలేసి పోయాను. మరుసటి రోజు స్టేజీ మీద రెండో పాట చరణంలో గిటార్ మూగబోయింది. ఊళ్ళో అంగళ్ళు మూసేసే వేళ. చివరికి జనరేటరు చూసే ఎలక్ట్రీషియన్ తన మల్టీమీటరు వెనక మూత తీసి, అందులోది పీకి ఇచ్చాడు. పొద్దున్నే తిరిగి ఇవ్వాలన్న షరతు మీద.

అయినా బుద్ధి రాలేదు. అది వచ్చింది ఇంకో జాతర రాత్రి, సామాన్లు సర్దబోయే ముందు. సౌండ్ చూసే కుర్రాణ్ణి అడిగాను, "నా లావు తంతి బయటికి ఎట్లా వస్తా ఉంది?" అని.

"ఏ తంతన్నా?"

"ఇదే, కొత్తది."

"ఓ, అదా. దాన్ని నేను కోసేస్తా ఉండా గదన్నా."

మిక్సర్ మీద టార్చి వేసి చూపించాడు. ప్రతి వరస పైనా ఒక చిన్న బటను. నొక్కితే 80 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా కోసుకుపోతుంది. మైకుల్లో గాలి మోత రాకుండా, బాక్సులు చెడకుండా, మొదటి రోజునుంచీ అన్నీ నొక్కే ఉంచాడు, నాదానితో సహా. ఒకసారి ఎత్తమన్నాను. ఎత్తాడు. నేను లావు తంతి మీటగానే బాక్సులో అట్ట గిలగిలా కొట్టుకుంది, డొక్కు శబ్దం తప్ప స్వరం లేదు. వాడు మళ్ళీ నొక్కేశాడు. "ఈ సౌండు మనకెందుకన్నా, అడివిలో ఏనుగులకు గావాల" అన్నాడు.

కౌండిన్య అడవి పక్కనే కదా, నోటికొచ్చిన మాట అన్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఏనుగులు నిజంగానే 20 హెర్ట్జ్‌కు కూడా దిగువన మాట్లాడుకుంటాయట!

అక్కడే స్టేజీ మెట్ల మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకొని, గంభీరంగా తలాడిస్తూ ఎవరికోసం వాయించాను? ఆ స్వరం పైపైన కొంత వినపడి ఉంటుంది, కింది గుమ్ము మాత్రం ఒక్కరికీ చేరలేదు. నాకెట్లా వినపడిందంటే, గిటార్ చెక్క నా పొట్టకు ఆనుకొని ఉంటుంది. అదురు పొట్టకు తగిలేది, నేను చెవి అనుకున్నాను.

బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో హాఫ్నర్ గిటార్ కొన్న కథ నాకు అంతకుముందే తెలుసు. ఫెండర్ ధర అందక, సుమారు 30 పౌండ్లకు దొరికినదాన్ని తీసుకున్నాడు. ఆయనది ఎడమచేతివాటం, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కనక తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదని ఎంచుకున్నాడు. తంతి పొడవు 30 అంగుళాలే. తన జేబు, తన చెయ్యి చూసుకొని కొన్నాడన్నమాట. ఈ కథ నేను పదిమందికి చెప్పి, వాళ్ళచేత ఔరా అనిపించుకున్నవాణ్ణి కూడా.

అయిదు తంతులదాన్ని చర్చిలో వాయించే ఒక అబ్బాయికి నష్టానికే ఇచ్చేశాను. అక్కడ నిదానమైన పాటలు, గోడ పక్కన పెద్ద సబ్‌వూఫరు. ఒక ఆదివారం బయట నిలబడి విన్నాను. ఆ పిల్లాడు లావు తంతి మీద ఒక్క స్వరం పట్టి వదలకుండా నిలిపితే కిటికీ రెక్కలు అదిరాయి. గిటార్‌లో లోపమేమీ లేదు.

పాతదానికి మెడ సరిచేయించి, తంతులు మార్పించాను. హాయిగా పలుకుతోంది. ఈ మధ్య 30 అంగుళాలదొకటి చూస్తున్నాను. నా వేళ్ళు పొట్టివి, మొదటి మెట్ల దగ్గర సాగవు. షాపుకెళ్ళి పట్టీ వేసుకొని అరగంట నిలబడే వాయిస్తున్నాను, షాపులో ఉన్న అన్నిటికన్నా చిన్న స్పీకరుకు తగిలించమంటున్నాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. ఇంట్లో ఆవిడ మాత్రం, "ఇప్పుడుండే దాంట్లో ఏం తక్కువైందంట?" అని అడిగింది. వేళ్ళు చూపించాను. "కొన్నప్పుడు పొడుగ్గా ఉన్నాయా అవి?" అంది.