కార్బురేటర్‌ది తప్పు కాదు

మా బాపుకు పాత యెజ్డీ ఉంది. మైసూర్ల ఆ కంపెనీ 1996లోనే మూతపడ్డది. ఈ మధ్య బండి చడావ్ ఎక్కుతలేదు, సైలెన్సర్ల ఢాం ఢాం. బిచ్కుందల ఒక మెకానిక్ రెండుసార్లు కార్బురేటర్ కడిగిండు. పైసలు పోయినయ్, మోత పోలేదు. నా ఎగ్జామ్ ఫీజుకు బండిని తుక్కుకు అమ్ముతనన్నడు బాపు.

హాస్టల్ నుంచి సెలవులకొచ్చి, ఫీలర్ గేజ్ అడుక్కొచ్చి పాయింట్లు చూసిన. 0.4 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్ సగం కూడా లేదు. క్యామ్ మీద రాసుకునే చిన్న ఫైబర్ ముక్క అరిగితే గ్యాప్ తగ్గుతది, స్పార్క్ లేటయితది. అప్పుడు సరిగా కాలని పెట్రోల్ పోయి సైలెన్సర్ల పేలుతది. (ఇంటర్ల ఇండక్షన్ కాయిల్ బట్టీ పట్టిన, ఇదే అని తెల్వదు!)

గ్యాప్ సరిజేసి, టైమింగ్ పెట్టి కిక్ కొట్టిన. బాపు ఏమనలేదు. టవల్ భుజానేసుకొని వెనక కూసున్నడు. ఫీజుకు ఇంకా పైసలు జమ కాలే.