అమ్మ ఇచ్చే డబ్బుకు పన్నుందా?

సంఘ కాపరి ఇంటికి ప్రార్థన కోసం వచ్చేవారు కొందరైతే, కాగితాలు చదివించుకోవడానికి వచ్చేవారు మరికొందరు. మా ఉద్దానం పల్లెల్లో రెండవ రకం వారు తక్కువేమీ కాదు. అటువంటి ఒక తల్లి విషయం ఈ నెల వ్రాస్తున్నాము. ఇందులో మా తప్పు కూడా ఉన్నది గనుక దానిని దాచడం లేదు.

ఆమె విధవరాలు, అరవై దాటిన మనిషి. ఆమె తండ్రికి వజ్రపుకొత్తూరు మండలంలో కొద్దిపాటి జీడితోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు అందులో సగం చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. తండ్రి ప్రభువునందు నిద్రించిన తరువాత అన్నదమ్ములు తోట అమ్మకానికి పెట్టారు. "ఆడపిల్లకి పెళ్ళిలోనే ఇచ్చేసినాం గదా" అని మొదట అన్నారు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో కొడుకుకూ కూతురుకూ భాగం సమానమేనని సంఘ పెద్దలు చెప్పగా ఒప్పుకొన్నారు. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి తమ భాగం అడిగిన సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో మీరు చదివే ఉంటారు. ఈమెకు అంతదూరం వెళ్ళే పని పడలేదు. తొమ్మిది లక్షల రూపాయలు ఆమె బ్యాంకు ఖాతాలో పడ్డాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఆగిపోయింది.

"అయ్యగారూ, ఈ సొమ్ము మా గుంటడికి ఇచ్చేద్దామనుకుంతన్నాను. టెక్కలిలో ఇంటి స్థలం కొంతాడంట. యాభై వేలు దాటితే పన్ను పట్టుకుపోతారని కాశీబుగ్గ టీకొట్టుకాడ అన్నారంట. నిజమేనేటి?"

నిజమేనన్నాము. యాభై వేల మాట మేము కూడా ఎక్కడో విన్నదే. అప్పుడామె, "అలాగైతే మీ ఖాతాలో ఏసుకోండి బాబూ. నెలకి నలభై వేలు చొప్పున ఆడికి పంపండి" అన్నది. విధవరాలు నమ్మి అడిగితే కాదనడం ఎలాగ అనుకొని సరేనన్నాము. ఇంటికి వచ్చాక పాస్టరమ్మగారు మాత్రం ఊరుకోలేదు. తెలిసినవారిని అడగకుండా ఎవరి డబ్బూ మన పుస్తకంలోకి రానివ్వవద్దన్నారు.

మరునాడు పలాస వెళ్ళాము. అక్కడ జీడి వ్యాపారులకు లెక్కలు వ్రాసే సహోదరుడొకాయన ఉన్నారు. జీడిపిక్కల బస్తాల మధ్యనే కూర్చోబెట్టి మా మాట విని నవ్వారు.

"పాస్టరుగారూ, లేని పన్ను తప్పించుకోబోయి ఉన్న పన్నులోకి వెళ్తున్నారు" అన్నారాయన.

సంగతేమిటంటే, 1958 నుండి మన దేశంలో బహుమతి పన్ను అని ఒకటుండేది. ఇచ్చినవారు కట్టేవారు. 1998 అక్టోబరు 1 నుండి అది లేదు. చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను 1985లోనే పోయింది. 2004లో వేరొక నియమం వచ్చింది, పుచ్చుకొన్నవారి మీద. బంధువులు కానివారి నుండి ఏడాదిలో వచ్చిన సొమ్ము యాభై వేలు దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తం పుచ్చుకొన్నవారి ఆదాయంగా లెక్కకు వస్తుంది. టీకొట్టులో వినబడినది ఈ నియమంలో సగం. తల్లిదండ్రులు బిడ్డకిచ్చేదానికి ఇది వర్తించదు, ఎన్ని లక్షలైనా సరే. పెళ్ళి సందర్భంలో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురుకు వచ్చే కానుకలకూ వర్తించదు.

అయితే చట్టం చెప్పే బంధువులు వేరు, మన వరుసలు వేరు. పెదనాన్న కొడుకును మనం అన్నా అంటాము. చట్టానికి అతడు బంధువు కాడు. మేనమామ మేనల్లుడికిస్తే పన్ను లేదు గాని, మేనల్లుడు మేనమామకిస్తే ఉన్నది! సంఘంలో మనమందరం సహోదరులమే. ఆదాయపు పన్ను శాఖ ఆ బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆమె డబ్బు మా ఖాతాలో పడితే మాకు వచ్చిన బహుమతిగా కనబడుతుంది. మా నుండి ఆ అబ్బాయికి నెలనెలా వెళ్ళినదీ పరాయివాడిచ్చిన బహుమతే. రెండుచోట్ల మేమే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది.

నగదుగా తీసి ఇస్తే సరిపోదా అని అడిగాము. 2017 ఏప్రిల్ 1 నుండి ఒకరి వద్ద ఒక రోజున రెండు లక్షలు గాని అంతకు మించి గాని నగదు పుచ్చుకోకూడదట. పుచ్చుకొంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అమ్మ ఇచ్చినా అంతేనట. కనుక చెక్కు వ్రాయాలి. ఎవరు ఎవరికి, ఏ వరుసలో, ఎంత, ఏ చెక్కు అనేది తెల్లకాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి. డబ్బుకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు, భూమి ఇస్తే మాత్రం తప్పదు. తోట అమ్మిన దస్తావేజు నకలు, తండ్రి మరణ ధ్రువపత్రం జాగ్రత్త చేయాలి. స్థలం కొన్న తరువాత ఈ డబ్బెక్కడిదని ఎవరైనా అడిగితే అవే సాక్ష్యం.

తోట అమ్మకం మీద పన్ను సంగతి కూడా అడిగాము. పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ హద్దుకు రెండు కిలోమీటర్ల లోపలి పొలమైతే అమ్మిన లాభం మీద పన్ను వచ్చేదట. వీరిది దూరపు పల్లె, ఆ చిక్కు లేదు. ఇచ్చాక వచ్చే వడ్డీ కొడుకు లెక్కలోకి వెళ్తుంది. అదే డబ్బు కోడలి పేర వేస్తే, వడ్డీ మళ్ళీ అత్తగారి ఆదాయంలోనే కలుస్తుంది.

లేవబోతుంటే ఆ సహోదరుడు, "ఆమెకు ఇంకెవరూ పిల్లలు లేరా?" అన్నారు.

ఉన్నది. కవిటి వైపు ఇచ్చిన కూతురు. అల్లుడికి కిడ్నీ జబ్బు. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి తెస్తారు. వారి కోసం మేము ప్రతి శుక్రవారం ప్రార్థన చేస్తూనే ఉన్నాము. అయినా ఆ తల్లితో కూతురి మాట ఎత్తలేదు.

ఆస్తి పంచమని ఒకడు అడిగితే ప్రభువే ఒప్పుకోలేదు (లూకా 12). చట్టం చూసినా ఆ డబ్బు ఆమెది, ఎవరికిచ్చినా ఆమె ఇష్టం. అందుచేత పన్ను సంగతి అంతా చెప్పి, చివర మాత్రం, "పాపకి ఏమైనా అనుకున్నావా అమ్మా?" అని అడిగాము.

"ఆడపిల్లకి పెళ్ళిలోనే ఇచ్చేసి..." అని ఆగిపోయింది. చాలాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నది.

తరువాతి వారం కొడుకుకు నాలుగు లక్షలు, కూతురుకు మూడు లక్షలు చెక్కులు వ్రాసింది. రెండు లక్షలు తన పేర డిపాజిట్ చేసుకొన్నది. కొడుకు కాగితంలో, తల్లిని చూసుకోవాలనే షరతు కూడా వ్రాయించాము. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం ప్రకారం, అలాంటి షరతుతో ఇచ్చి అది తప్పితే, పలాసలో గాని టెక్కలిలో గాని ఆర్డీఓగారి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

ఆ అబ్బాయి సంతకం చేశాడు గాని మాతో మాట్లాడలేదు. క్రిస్మసు ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే వెళ్ళిపోయాడు. అతనితో కూడా ముందే కూర్చుని మాట్లాడవలసింది. ఈ పండుగలోగా టెక్కలి వెళ్ళాలనుకొంటున్నాము.