అటక మీది ఆస్తి

తెలుగులో ‘అటకెక్కడం’ అనే పలుకుబడి ఒకటి ఉన్నది. తలపెట్టిన పని ఆగిపోయినా, దస్త్రం కదలకుండా ఉండిపోయినా, ఇచ్చిన మాట మరపున పడినా అది అటకెక్కిందంటారు. పలుకుబడి మాట ఎలా ఉన్నా, పూర్వపు తెలుగు ఇంట అటక మరపునకు నిలయం కాదు. వంటింటి కప్పు కింద, నేల చెమ్మ అందని ఎత్తున, కట్టెల పొయ్యి పొగ నిత్యం సోకే చోట దానిని అమర్చుకునేవారు. పొగ పట్టిన చెక్కను పురుగు తొందరగా ఆశ్రయించదు. పొయ్యి వేడికి తేమ నిలువదు. పెళ్ళికీ పేరంటానికీ మాత్రమే దింపే పీటలు, పెద్ద గంగాళాలు, పసిబిడ్డ ఎదిగిపోయాక పని తీరిన ఉయ్యాల తొట్టి అక్కడ క్షేమంగా ఉండి, మరుసటి తరం బిడ్డ పుట్టినప్పుడు కిందికి దిగేవి. అవసరం తీరిన వస్తువును మళ్ళీ అవసరం వచ్చేదాకా కాపాడే ఏర్పాటు ఆ ఇంటి నిర్మాణంలోనే ఇమిడి ఉండేది.

కాంక్రీటు ఇళ్ళలో అటక పేరు మిగిలింది గాని పొగ లేదు, గాలి లేదు. మిగులు సామానును ఒక గదిలో పెట్టి తాళం వేయడమే దాచడమనే అభిప్రాయం స్థిరపడింది. ఈ అభిప్రాయంలోని లోపం వానలు తక్కువగా ఉండే రాయలసీమ ఊళ్ళో పదేళ్ళకు గాని బయటపడకపోవచ్చు. అండమాన్ దీవులలో ఒక్క వర్షాకాలం చాలు.

ఆ దీవులలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నెలలో నైరుతి ఋతుపవనాలు ప్రవేశిస్తాయి. అవి వెనుదిరిగేసరికి ఈశాన్య ఋతుపవనాల వంతు వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మాత్రమే ఆకాశం కొంత తెరపి ఇస్తుంది. మిగిలిన కాలమంతా గాలిలో తేమ, ఆ తేమలో ఉప్పు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాల నుంచి చేపల వేటకో, కూలిపనులకో, ఉద్యోగానికో వచ్చి స్థిరపడినవారు, వారి సంతతి వీరిలో ఎక్కువ. విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 1200 కిలోమీటర్ల సముద్రమార్గం. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన ఆ నగరానికి ఇంటి సామాను చేర్చడం వ్యయప్రయాసలతో కూడిన పని. కనుక ఓడ ఎక్కించి తెచ్చుకున్న ప్రతి వస్తువూ ఇంటివారు పదిమార్లు ఆలోచించి ఎంచుకున్నదే అయి ఉంటుంది.

అటువంటి కుటుంబం ఒకటి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. భర్త ప్రభుత్వోద్యోగి. భార్య కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు ఇచ్చిన టేకు భోషాణం, ఒక నవారు మంచం వారితోపాటు సముద్రం దాటినాయి. ద్వీపంలోనే ఒక వడ్రంగి చేత పడౌక్ కలపతో రెండు పేము అల్లిక కుర్చీలు, సొరుగులున్న బల్ల చేయించుకున్నారు. 2004 డిసెంబరు 26 సునామీ గడిచిన కొన్నేళ్ళకు ఆయనకు కార్ నికోబార్‌కు బదిలీ అయింది. అక్కడ దొరికిన వసతి చిన్నది. వంటపాత్రలు, పరుపులు మాత్రం తీసుకొని, మిగిలిన సామానునంతా పొరుగింటి వెనుక గదిలో పెట్టి, వాన తగలకుండా దళసరి పాలిథిన్ పట్టా చుట్టి, తాళ్ళతో బిగించి, తాళం వేశారు.

ఆ ఇంటి మామ్మగారు అప్పుడొక కోరిక కోరింది. “ఒక కుర్చీ నాకు ఉంచి వెళ్ళు బాబూ, వసారాలో కూర్చుంటాను” అన్నది. కాదనలేక ఒకటి బయట ఉంచారు. అది పాడైపోతుందేమోనని దారి పొడవునా ఇల్లాలికి మనసులో పీకుతూనే ఉన్నది.

మూడు వర్షాకాలాల తరువాత తిరిగివచ్చి గది తెరిచారు. పాలిథిన్ లోపలి పొర నిండా నీటిబొట్లు. కుర్చీ పేము అల్లిక నల్లబడి, వేలితో నొక్కితే తెగింది. బల్ల మీది లక్క పాలిష్ తెల్లగా పాలిపోయింది. సొరుగులు ఉబ్బి, ఎంత లాగినా రాలేదు. మంచం బిగించిన ఇనుప మరలు తుప్పుతో చెక్కలో కలిసిపోయినాయి. గోడకు ఆనించిన భోషాణం వెనుక నుంచి చెదలు మట్టిదారి కట్టుకొని ఎక్కి, అడుగు పలకను తినివేశాయి. వసారాలో మూడేళ్ళు ఎండా గాలీ చూసిన రెండవ కుర్చీ మాత్రం చెక్కుచెదరలేదు. మామ్మగారి చేతుల రాపిడికి దాని చేతులు నునుపెక్కి మెరుస్తున్నాయి.

“అత్తయ్య నలభై ఏళ్ళు కాపాడిన పెట్టెను మనం మూడేళ్ళు కాపాడలేకపోయాం” అని ఇల్లాలు భోషాణం మూత మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. కార్ నికోబార్‌లో సునామీకి తీరగ్రామాలు కొట్టుకుపోయి, ఇంటిదన్న వస్తువు ఒక్కటీ మిగలనివారి మధ్య ఆమె మూడేళ్ళు గడిపి వచ్చింది. కడలి పొంగితే ఎవరూ ఏమీ చేయలేరు. తాళం వేసిన గదిలో, తెలిసి దాచుకున్న వస్తువు పోవడమే ఆమెకు మింగుడుపడలేదు.

ఈ నష్టానికి కారణం దుర్లభమైనది కాదు. చెట్టు నుంచి వేరుపడిన తరువాత కూడా చెక్క గాలితో సంబంధం తెంచుకోదు. గాలిలో తేమ హెచ్చితే పీల్చుకుంటుంది, తగ్గితే విడుస్తుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉన్నప్పుడు చెక్కలో నిలిచే నీరు దాని పొడి బరువులో సుమారు 12 శాతం. ఆర్ద్రత 80 శాతానికి చేరితే అది సుమారు 16 శాతం అవుతుంది. 20 శాతం దాటితే చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు దారి ఏర్పడుతుంది. గాలి ఆడే చోట తడిసిన చెక్క మళ్ళీ ఆరుతుంది. గాలి స్తంభించిన మూలన ఆరదు. పాలిథిన్ పట్టా బయటి వానను ఆపుతుంది, నిజమే. కాని పగటి వేడికి చెక్క విడిచిన ఆవిరిని అదే లోపల బంధిస్తుంది. రాత్రి చల్లబడగానే ఆ ఆవిరి నీరై తిరిగి చెక్క మీదనే పడుతుంది. తడిసిన చెక్క పొడవునా దాదాపు మారదు గాని అడ్డంగా ఉబ్బుతుంది. సొరుగులు బిగుసుకొనడం అందువల్లనే. ఇక ఉప్పు స్వయంగా తేమను ఆకర్షించే పదార్థం. ఉప్పుగాలి సోకిన ఇనుము అతుకుల లోపలినుంచే తుప్పు పడుతుంది.

పురుగుల విషయంలో చెక్క స్వభావం కూడా గమనార్హం. పుచ్చు పురుగు కోరేది చెక్కలోని పిండిపదార్థం. అది చెట్టు పైభాగపు తెల్లచెక్కలో ఉంటుంది. లోపలి చేవను పురుగు అంతగా ముట్టదు. మనిషిలో సత్తువ ఉన్నదనడానికి తెలుగువారు ‘చేవ ఉన్నది’ అనడం ఈ అనుభవం నుంచి వచ్చినదే. భోషాణంలో టేకు చేవతో చేసిన నాలుగు పక్కలూ నిలిచి, చవక కలపతో వేసిన అడుగు పలక మాత్రమే పోయింది. వడ్రంగి దానిని మార్చి ఇచ్చాడు. ఇనుప బందులు తీసి ఇత్తడివి వేశాడు.

బల్లను, కుర్చీని మళ్ళీ చేయించుకోవచ్చునని ఎవరైనా అనవచ్చు. పడౌక్ విషయంలో ఆ మాట అంత తేలిక కాదు. మన శేషాచలం కొండల ఎర్రచందనం ఏ ప్రజాతికి చెందినదో ఈ వృక్షమూ ఆ ప్రజాతికి చెందినదే. అండమాన్ నికోబార్ దీవులు దీనిని తమ రాష్ట్రవృక్షంగా గౌరవిస్తున్నాయి. 1883లో చాథమ్ దీవిలో నెలకొల్పిన కోతమిల్లు దశాబ్దాల తరబడి ఈ కలపను లోకానికి అందించింది. 1942లో జపాను విమానాల బాంబుదాడికి గురై కూడా ఆ మిల్లు నిలదొక్కుకున్నది. కాని అడవికి హద్దు ఉన్నది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు ద్వీపాలలో చెట్ల నరుకుడుకు గట్టి కట్టడి విధించాయి. ఒక తరంలో ఎదిగే చెట్టు కాదిది. పాత పడౌక్ కుర్చీ ఒకటి చెదలపాలైతే దాని స్థానం నింపడానికి అడవిలో మరొక వృక్షం నేలకూలాలి. అందువల్ల ఇంటి మిగులు సామానును కాపాడడం ఒక గృహస్థుని సొంత వ్యవహారం మాత్రమే కాదు.

కొంతకాలానికి ఆయనకు మాయాబందర్‌కు బదిలీ అయింది. మళ్ళీ అదే సామాను, అదే వెనుక గది. ఈసారి దాచిన పద్ధతి వేరు. వానలు వెనుకపట్టిన జనవరిలో, సామాను పూర్తిగా ఆరిన తరువాతనే గదిలోకి చేర్చారు. మంచం విప్పి, నవారు ఉతికి, ఎండలో ఆరబెట్టి చుట్టలు చుట్టారు. మరలు, మేకులు ఒక గుడ్డసంచిలో వేసి మంచం పట్టెకే కట్టారు. ప్రతి పట్టె మీద అది ఏ వైపుదో సుద్దతో గుర్తు పెట్టారు. ప్రతి వస్తువును నేల మీదినుంచి రెండు ఇటుకల ఎత్తున, గోడకు జానెడు దూరాన నిలిపారు. వానజల్లు కొట్టే పడమటి గోడ వైపు ఏదీ ఉంచలేదు. సొరుగులను వేలెడంత తెరిచి వదిలారు. భోషాణం మూత కింద చిన్న చెక్కముక్క పెట్టి, గాలి ఆడేందుకు సందు విడిచారు. బరువైన బల్ల మీద మరే బరువూ వేయలేదు. పాలిథిన్ బదులు పాత నూలు దుప్పట్లు కప్పారు. నాఫ్తలీన్ ఉండలు పాలిష్‌కు తగలకుండా గుడ్డలో మూటకట్టి వేలాడదీశారు. వేపాకు వేసినా బాగా ఎండినదే వేశారు. పచ్చి ఆకు పురుగును తోలడానికి ముందు తేమను తెస్తుంది.

వీటన్నిటికన్న ముఖ్యమైన ఏర్పాటు మరొకటి. గది తాళంచెవిని తమతో తీసుకుపోక మామ్మగారికి ఇచ్చారు. తెరపి ఇచ్చిన రోజున తలుపు, కిటికీ తెరవాలి. గోడ మీద మట్టిదారి గాని, కాళ్ళ దగ్గర సన్నని చెక్కపొడి గాని కనిపిస్తే కబురు చేయాలి. చెదలు గదిలోకి వచ్చిన మొదటి వారంలో చీపురుతో పోయే పని, ఏడాది తరువాత వడ్రంగి చేత కూడా కాదు. ఆమె ఈ బాధ్యతను ఎంత నిష్ఠగా నెరవేర్చినదంటే, వాన వెలిసిన ప్రతిసారీ మనుమణ్ణి పిలిచి “అన్నయ్యగారి గది తలుపు తియ్యరా” అని పురమాయించేదట.

ఈ పద్ధతిలో కొత్తదనమేమీ లేదు. నికోబారీయుల సంప్రదాయ గృహాలు స్తంభాల మీద నేలకు ఎత్తుగా నిలిచి, కిందినుంచి గాలిని ఆహ్వానిస్తాయి. కార్ నికోబార్‌లో గడిపిన రోజులలో దంపతులు ఆ నిర్మాణ రహస్యాన్ని కళ్ళారా చూశారు. ఇదే సూత్రం జపానులోని నారా నగరంలో, ‘షోసోయిన్’ అనే కొయ్య భాండాగారంలో పన్నెండు శతాబ్దాలకు పైగా ఫలించింది. 756లో షోము చక్రవర్తి మరణించిన పిదప, ఆయన రాణి కోమ్యో అర్పించిన రాజగృహ వస్తువులు అందులో భద్రమైనాయి. వాటిలో వాద్యాలు, మడత తెరలు, బీరువా కూడా ఉన్నాయి. ఆ భవనం ఎత్తైన కంబాల మీద నిలిచి ఉన్నది. వస్తువులను కొయ్య పెట్టెలలో ఉంచేవారు. 1953, 1962 సంవత్సరాలలో కట్టిన కొత్త భవనాలకు వాటిని తరలించినా, ఏటా శరత్తులో ముద్రలు తీసి పరిశీలించడం మాత్రం మానలేదు. చక్రవర్తి సంపదకైనా, ఉద్యోగి ఇంటి బల్లకైనా కావలసినవి ఎత్తు, గాలి, ఏడాదిలో కొన్నిమార్లు మనిషి చూపు.

మాయాబందర్ నుంచి తిరిగివచ్చేసరికి సొరుగులు వేలితో లాగితే వచ్చాయి. భోషాణం లోపల టేకు వాసన తప్ప మరొకటి లేదు.

పదవీ విరమణ సమీపించినప్పుడు అసలు సమస్య ఎదురైంది. శ్రీకాకుళంలో కొడుకు కట్టిన ఇల్లు చిన్నది. పడౌక్ సామాను ద్వీపాలు దాటించాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. ఏది తీసుకుపోవాలి, ఏది వదలాలి? దాచే పద్ధతి తెలిసినంత మాత్రాన అన్నిటినీ దాచుకోవాలన్న నియమం లేదని ఇల్లాలే ముందుగా గ్రహించింది. వాడేవారు దొరికిన వస్తువును దాచడం అనవసరమని ఆ వసారా కుర్చీ ఏనాడో చెప్పింది. కుర్చీలు రెండూ మామ్మగారి ఇంట ఉండిపోయినాయి. నల్లబడిన అల్లిక తీసి, కొత్త పేము అల్లించి మరీ ఇచ్చారు. బల్ల చదువుకునే పిల్లలున్న మరొక తెలుగు ఇంటికి చేరింది. నవారు మంచం కూడా అడిగినవారికే ఇచ్చారు.

ఆ ఏడు భోగినాటికి వీధి పిల్లలు మంట కోసం పాత చెక్క ఏదైనా ఇమ్మని వచ్చారు. పాతవస్తువును అగ్నికి అప్పగించే ఆ పండుగ ద్వీపాలలో పొడికాలపు తొలి రోజులలోనే వస్తుంది. చెక్క సామానును ఎండకు చూపడానికి అంతకన్న అనువైన సమయం లేదు. పిల్లలకు చెదలు తిన్న పాత అడుగు పలక మిగులు ముక్కలు దొరికాయి. మంట చల్లారిన తరువాత, పొద్దెక్కిన ఎండలో, భోషాణాన్ని పెరట్లోకి తెచ్చి మూత తెరిచి ఉంచారు. వారం తిరగకుండా అది విశాఖ ఓడ ఎక్కింది. కొడుకు ఇంట దానిని అటక మీద పెట్టలేదు. ముందుగదిలో కిటికీ పక్కన, రెండు ఇటుకల మీద నిలిచి ఉన్నది. అందులో ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉంటాయి. రోజుకు రెండుసార్లయినా ఎవరో ఒకరు మూత తెరుస్తూనే ఉంటారు.