మేక ఎప్పుడు కదలాలి?

పులిమేక ఆట తెలియని తెలుగువాళ్లు మన పక్క తక్కువ. ఇద్దరు కూర్చుని పేచీ లేకుండా ఒక ఆట పూర్తిచేయడం మాత్రం నేను చూసింది ఇంకా తక్కువ. ఎవరో తొండి చేస్తారని కాదు. ఇంటికొక కట్టడి ఉంది, అదీ కారణం.

మాది రాయకోట. 1791లో ఇంగ్లీషు దండు పట్టుకున్న కొండకోట కింద ఉన్న ఊరు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ ఒకే సంతలో వినబడతాయి. పక్కింటి తమిళులు ఈ ఆటను 'ఆడు పులి ఆట్టం' అంటారు. తమిళంలో ఆడు అంటే మేక. మా అవ్వకు మాత్రం అది "ఆడు, పులీ!" అని పులిని ఆటకు పిలిచినట్టు వినబడేదట. చెప్పి చెప్పి నవ్వేది.

పటం మరిచిపోయినవాళ్ల కోసం రెండు మాటలు. పైన ఒక కొన. అక్కడినుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు. అవి రెండు పక్కలా బయటికి వచ్చి నిలువు గీతలతో మూసుకుంటాయి. అన్నిటికీ అడుగున ఇంకో అడ్డగీత. కొన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. పులులు మూడు, మేకలు పదిహేను. మాకు పులులంటే గులకరాళ్లు, మేకలంటే చింతగింజలు. ఒకరు మేక పెడితే ఇంకొకరు పులిని కదుపుతారు. పక్కనున్న మేకను దాటి అవతలి ఖాళీ చోటికి దూకితే పులి ఆ మేకను తిన్నట్టు. మూడు పులులకూ దారి లేకుండా చేస్తే ఆటకట్టు.

ఇంతవరకు అందరిదీ ఒకే మాట. పేచీ దీని తర్వాతే మొదలు.

పోయిన ఎండాకాలం సెలవులకు మనవడు హోసూరు నుంచి వచ్చినాడు. మా జగిలి మీద బొగ్గుతో పటం గీసిచ్చినాను. పక్కింటి పాపతో ఆడుతూ, తొమ్మిది మేకలు పెట్టగానే ఒకదాన్ని జరిపినాడు. ఇంకా ఆరు చేతిలో ఉండగా ఎట్లా జరుపుతావని ఆ పాప చెయ్యి పట్టుకుంది. వీడు సెల్‌ఫోనులో ఆడినప్పుడు అది ఒప్పుకుందన్నాడు. ఆమె వాళ్ల పాట్టిని సాక్ష్యానికి పిలిచింది. చివరకు గింజలు చెల్లాచెదురయ్యాయి, రెండు రోజులు మాటల్లేవు. "ఈ ఆటకి రూలే లేదు తాతా, పో" అన్నాడు వాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. రూలు లేక కాదు, ఎవరూ రాసిపెట్టక వచ్చిన చిక్కు ఇది. అందుకే మా వీధి కట్టడి ఏమిటో, ఎందుకో ఒక కాగితం మీద పెట్టినాను.

ఒకటి: పదిహేను మేకలూ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలరాదు. పులికి మంచికాలం అదొక్కటే. మేకలు అప్పుడే పారిపోగలిగితే పులికి ఆకలి తీరే దారి లేదు. నేపాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలతో ఆడే బాఘ్‌చాల్‌కూ ఇదే కట్టడి.

రెండు: మేకలు ఇంకా చేతిలో ఉండగానే పులి తినవచ్చు. అన్నీ దిగేదాకా తినరాదనే ఇళ్లూ ఉన్నాయి. లెక్క చూడండి. పదిహేను మేకలు, మూడు పులులు కలిస్తే పద్దెనిమిది. 23లో మిగిలేది అయిదు చోట్లే. భయం లేకుండా పెట్టుకుంటూ పోతే, పులి నోరు తెరవకముందే చుట్టూ గోడ లేస్తుంది.

మూడు: దూకుడు తిన్నని గీత మీదనే. కొన దగ్గర గీత వంగుతుంది కాబట్టి ఒక పక్కనుంచి ఎక్కి ఇంకో పక్కకు దిగడం చెల్లదు. ఈ లెక్కన కొన, పక్కల నాలుగు మూలలు, అడుగున రెండు మూలలు, ఈ ఏడుచోట్ల కూర్చున్న మేకను ఏ పులీ తినలేదు.

నాలుగు: ఒక ఎత్తుకు ఒకే మేక. వరుసగా రెండు మూడు దూకడం లేదు.

అయిదు: తినే వీలున్నా తినాలన్న నిర్బంధం లేదు. నిర్బంధం పెడితే ఒక మేకను ఎర వేసి పులిని కావలసిన చోటికి లాగవచ్చు.

ఆరు: ఒక పులి ఇరుక్కుంటే చచ్చినట్టు కాదు, దారి దొరికితే మళ్లీ లేస్తుంది. మూడూ ఇరుక్కుంటేనే ఆటకట్టు. ఆరు మేకలు పోతే పులిది గెలుపు. బాఘ్‌చాల్‌లో అయిదు పోతే చాలంటారు.

ఇవన్నీ ఎందుకంటే, బలం ఒక పక్క, సంఖ్య ఇంకో పక్క ఉన్న ఆట ఇది. ఒక్క కట్టడి అటూ ఇటూ అయితే త్రాసు వంగిపోతుంది. అయినా పక్క వీధి కట్టడి తప్పని నేననను. ఆట మొదలుకాకముందు చెప్పుకుంటే ఏ కట్టడైనా న్యాయమే. మధ్యలో చెబితే అదే తొండి.

రాయకపోతే ఏమవుతుందో చదరంగం చెబుతుంది. మన దేశపు పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తుకూ ఒక్క గడే నడిచేది. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ పద్ధతిలోనే ఆట నేర్చినవాడు. తర్వాత పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని 1929లో బ్రిటిష్ చాంపియన్ అయినాడు. 1924లో పుట్టిన ప్రపంచ చదరంగ సమాఖ్య నియమాలే నేడు అంతర్జాతీయ పోటీల్లో చెల్లుతాయి. మన పాత పద్ధతిని ఇప్పటి పిల్లలు విననైనా వినలేదు. అచ్చులో ఉన్నది నిలిచింది. రేపు పులిమేకకు కూడా సెల్‌ఫోను చెప్పిందే వేదమవుతుంది.

కాగితం పట్టుకుని పక్కింటి పాట్టి దగ్గరికి పోయినాను. అయిదింటికి ఒప్పుకుంది. మూడోదానికి తల అడ్డంగా ఊపింది. వాళ్ల పుట్టింట్లో పులి కొన చుట్టి కూడా దూకుతుందట. చెరిపేయలేదు, కింద అదీ రాసినాను: 'ముందే చెప్పుకోవాలి' అని.

మనవడికి తెలుగు చదవడం రాదు. నేను చదువుతుంటే వాడూ ఆ పాపా కూర్చుని తమిళ అక్షరాల్లో రాసుకున్నారు. 'ఆటకట్టు' అన్న మాట వచ్చినప్పుడు దానికి తమిళంలో ఏం రాయాలని ఆ పాప అడిగింది. అట్లే రాసుకోమ్మా అన్నాను. అట్లే రాసుకుంది.

ఇది మా వీధి సంగతి. బాగలూరులో, సూళగిరిలో, వేపనపల్లిలో ఎట్లా ఆడతారో నాకు తెలుసుకోవాలని ఉంది. మీ ఇంట పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఒక కార్డు ముక్క మీదైనా రాసి పంపండి. మేక ఎప్పుడు కదలాలో మీ అవ్వ ఏం చెప్పిందో అంతే చాలు.