ఆది జాకెట్టు చెప్పని కొలత

మా రాజోలులో జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఒంటికి టేపు తగలనివ్వరు. సంచిలోంచి పాత జాకెట్టొకటి తీసి బల్ల మీద పడేస్తారు. "ఇదిగోనండి ఆది. చంక దగ్గర పావంగుళం వదులు పెట్టండి, మిగతాదంతా ఇలాగే" అంటారు. ఇరవై ఆరేళ్ళుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ ఆది జాకెట్ల చలవే. ఆదిని తిరగేసి లోపలి కుట్టు చూస్తే చాలు, ఏ ఊళ్ళో ఎవరు కుట్టారో చెప్పేయగలనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు దించింది ఒక బనీను.

పదేళ్ళ కిందటి మాట. కార్తీకం వెళ్ళి, తెల్లారేసరికి కాలవ మీద మంచు కమ్ముకుంటున్న రోజులు. మా వీధిలో వరసకి వదినయ్యే ఆవిడ కువైట్ నుంచి సెలవు మీద వచ్చి మళ్ళీ బయల్దేరుతోంది. మా వైపు ఇది వింత కాదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి చుట్టుపక్కల ఇళ్ళ పనికి గల్ఫు వెళ్ళొచ్చిన ఆడమనిషి లేని వీధి కనపడడం కష్టం. ఆవిడ నా బల్ల మీద పెట్టింది జాకెట్టు కాదు, పొడుగు చేతుల బనీను. వెలిసి వెలిసి బూడిదరంగుకి వచ్చింది.

"దీనికి ఆది ఇదే వదినా. ఇలాంటివి మూడు కావాలి."

"ఎడారిలో చలేంటి వదినా?" అని నవ్వాను.

"నువ్వు జనవరిలో వచ్చి చూడు. పొద్దున్నే వాకిలి కడిగితే వేళ్ళు కొంకర్లు పోతాయి."

అక్కడ జనవరి రాత్రుళ్ళు 8 డిగ్రీల దాకా దిగుతుందని నాకు తర్వాత తెలిసింది. మనమైతే 18కి దిగితేనే చెవులకి మఫ్లరు చుట్టేస్తాం. సంక్రాంతి ముందు రోడ్డు పక్కన నేపాలీవాళ్ళు అమ్మే స్వెట్టరు కొనుక్కోకూడదా అన్నాను. పని బట్టల కింద స్వెట్టరు వేస్తే మోచెయ్యి వంగదంది. గిన్నెలు కడిగేటప్పుడు చెయ్యి మోచేతి పైకి తోస్తే అక్కడే ఆగాలి. నేల తుడవడానికి వంగితే వెనక నడుము కనపడకూడదు. మూడూ కలిపి ఐదొందలు దాటకూడదు. ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పింది.

జాకెట్టుకున్నట్టు కప్పుల్లేవు, డాట్లు లేవు, హుక్కులు లేవు. ఇదేం పని అనుకున్నాను. టీషర్టు గుడ్డ తెచ్చి, ఆదిని పరిచి, చుట్టూ చాక్‌తో గీసి కత్తిరించాను. గుడ్డ వంకరపోతుంటే గట్టిగా లాగి పట్టుకుని, జాకెట్లు కుట్టే 16 నంబరు సూదితోనే కాలుమిషను మీద ఒక్క మధ్యాహ్నంలో మూడూ లేపేశాను. ఇస్త్రీ చేసి మడతపెడితే షాపులో సరుకులాగే ఉన్నాయి. వేసి చూసుకునే తీరిక ఆవిడకి లేదు, చూపించాలన్న ధ్యాస నాకు లేదు.

ఇరవై రోజులకి ఫోను వచ్చింది. మొదటిది తల దూర్చగానే మెడ దగ్గర టప్పుమని దారం తెగిందట. రెండోదానికి పక్క కుట్టు పొడుగునా చిన్న చిన్న చిల్లులు పడి, ఒక్కో చిల్లూ నిచ్చెనలా కిందికి జారిందట. మూడోది ఒక్క ఉతుకుకే బొడ్డు పైకి ఎగిసిందట. "మా మేడం గారి చిన్నపిల్లకి సరిపోయేలా ఉంది వదినా" అని నవ్వింది. తిడితే నేనూ రెండు మాటలని ఊరుకుందును. నవ్వేసరికి నోరు పెగల్లేదు. డబ్బు మీ అమ్మగారికి ఇచ్చేస్తానన్నాను. "డబ్బెందుకు? నేనొచ్చేసరికి నేర్చుకో" అంది.

నేర్పేవాళ్ళెవరు? ఆ రాత్రి ముక్కొకటి చేత్తో లాగుతూ వదులుతూ కూర్చుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మది పంటు దాటితే వచ్చే నరసాపురం వైపు. లేసు అల్లి మమ్మల్ని పెంచింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు అమ్మ లేదు. కొక్కెం సూదితో ఒకే దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చు తీసి అల్లుకుంటూ పోయేది. చిన్నప్పుడు నేను లేసు పట్టుకుని సాగదీస్తే వేళ్ళ మీద ఒక్కటిచ్చి, "దారం సాగట్లేదే, ఉచ్చు సాగుతోంది. ఒక్కటి తెగితే వరసంతా పోతుంది" అనేది.

బనీను గుడ్డా అంతే. బండారులంక మగ్గం మీద నేసిన చీర పడుగూ పేకా. నిలువు దారాల్లోంచి అడ్డ దారాలు దూరి ఒకదాన్నొకటి బిగించేస్తాయి. అందుకే నిలువుకీ అడ్డానికీ లాగితే కదలదు. బనీను గుడ్డలో ఉచ్చులే ఉంటాయి. లాగితే గుండ్రంగా ఉన్న ఉచ్చు కోలగా మారుతుంది, వదిలితే మళ్ళీ గుండ్రమవుతుంది. నా పదును సూది దారాల సందులోంచి వెళ్ళకుండా ఉచ్చుని పొడిచి తెంపింది. అదీ నిచ్చెన సంగతి. గుడ్డ సాగింది గానీ నా తిన్నటి కుట్టు సాగలేదు. అదీ టప్పుమన్న సంగతి. నేను ఇన్నేళ్ళూ మనిషి కొలతలు చూశాను గానీ, గుడ్డ కొలత ఒక్కటీ చూడలేదు.

సూది సమస్య ఇరవై రూపాయల్లో తీరింది. బాల్ పాయింట్ సూదులని అమ్ముతారు. మొన గుండ్రంగా ఉంటుంది, ఉచ్చుని తెంపదు, పక్కకి నెట్టి దిగుతుంది. పల్చటి గుడ్డకి 11 నంబరు చాలు. కుట్టు సమస్యకి మందు నా కొట్లోనే మూలన ఉంది. చీరలకి పీకో చేసే మిషను! అది కుట్టేది జిగ్‌జాగే కదా. వెడల్పు బాగా తగ్గించి ఒక మిల్లీమీటరు దగ్గర పెడితే దూరానికి తిన్నటి కుట్టులాగే కనపడుతుంది, లాగితే మడతలు విప్పుకున్నట్టు గుడ్డతోపాటు సాగుతుంది. దారం నూలుది వద్దు, పాలిస్టరే. కొత్తగా నేర్చుకునే అమ్మాయిలు ఓవర్లాక్ మిషను లేనిదే టీషర్టు కుట్టలేమంటారు. ఉంటే మంచిదే, అంచు శుభ్రంగా వస్తుంది. లేదని పని ఆపక్కర్లేదు.

ఇక గుడ్డ. రాజమండ్రి తాడితోట మార్కెట్టుకి వెళ్తే చీరలు, జాకెట్టు ముక్కలు మీటర్లలో అడుగుతాం. ఈ గుడ్డ కిలోల్లో తూస్తారు. చాలావరకు తిరుప్పూరు సరుకు. మొదటిసారి కందిపప్పు కొంటున్నట్టే అనిపించింది. కిలోకి ఎంత వస్తుందో తెలియాలంటే జీఎస్‌ఎం అడగాలి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందని. లోపల వేసుకునేదానికి 180 బాగుంటుంది. పన్నా 72 అంగుళాలుంటే కిలోకి మూడు మీటర్ల పైచిలుకు, అంటే సుమారు 120 అంగుళాలు వస్తుంది.

డబ్బిచ్చే ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. గుడ్డని అడ్డంగా మడిచి 4 అంగుళాల మేర వేళ్ళతో పట్టుకుని లాగుతాను. 6 అంగుళాల దాకా రావాలి. వచ్చిందని సంబరపడి కొనేయకూడదు, వదిలాక మళ్ళీ 4కి వస్తోందో లేదో చూడాలి. నాలుగుంపావు దగ్గర ఆగిపోయిందంటే, ఆ బనీను మోచేతుల దగ్గర నెల తిరక్కుండా సంచులు కడుతుంది. నూలుతోపాటు కొంచెం లైక్రా కలిసిన గుడ్డ తిరిగి రావడంలో నమ్మకమైనది.

ఇంటికి తెచ్చాక రాత్రంతా నీళ్ళలో నానేస్తాను. పొద్దున్నే పిండకుండా తీసి, నీడపట్టున చాప మీద పరిచి ఆరబెడతాను. తీగ మీద వేస్తే నీళ్ళ బరువుకి పొడుగు సాగి మళ్ళీ అబద్ధపు కొలత చూపిస్తుంది. ఆరాక టేపు పెడితే 120 అంగుళాలు కాస్తా 113 దగ్గరుంటుంది. వదిన బనీను బొడ్డు పైకి ఎగిసింది ఈ ఏడు అంగుళాల్లో దాని వాటా వల్లే.

ఆ 113లో నాలుగు బనీన్లు. ఒక్కోదానికి 28 అంగుళాల పొడుగు. నాలుగింటికి 112, ఒక్క అంగుళం మిగులు. ఆరాక పన్నా 70 ఉంటుంది. 36 చాతీ ఉన్న మనిషికి జాకెట్టయితే వదులు కలుపుతాం, దీనికి 2 అంగుళాలు తగ్గించాలి. 34 అంటే ముందు ముక్క 17, వెనక ముక్క 17, కుట్టుకి ఒక్కో అంగుళం కలిపి మొత్తం 36. పక్కన రెండు చేతులు, 15 చొప్పున 30. మొత్తం 66 అంగుళాలు పన్నాలో ఒక్క వరసలో కూర్చుంటాయి. చేతులు 22 అంగుళాలే కాబట్టి వాటి కింద 6 అంగుళాల పట్టీ మిగులుతుంది. మెడ పట్టీకి కావాల్సింది సరిగ్గా అదే, అడ్డంగా సాగే ముక్క. చవగ్గా కుట్టడమంటే నాసిరకం గుడ్డ తేవడం కాదని ఆ ఆరంగుళాలు నేర్పాయి. మొన్న సంక్రాంతికి ముందు కిలో 480కి తెచ్చాను. గుడ్డ 120, దారమూ సూదీ 10, నా కూలి 90. బనీను ఒక్కటికి 220.

మెడే దీనికి ప్రాణం. మెడ చుట్టు 22 వస్తే పట్టీ 22 కత్తిరించకూడదు, బావి గట్టులా బయటికి తెరుచుకుంటుంది. నూటికి 85 వంతులు చాలు, అంటే పద్దెనిమిదిమ్ముప్పావు. పట్టీని నాలుగు భాగాలు, మెడని నాలుగు భాగాలు చేసి, గుర్తుకి గుర్తు గుచ్చి, కుట్టేటప్పుడు పట్టీని మాత్రమే మెల్లగా లాగాలి. కింద ఉన్న మెడని తాకకూడదు. చెయ్యి ఊరుకోదు. జాకెట్లు కుట్టిన చెయ్యికి గుడ్డని లాగి పట్టుకోవడమే అలవాటు. ఆ అలవాటు మాన్పించుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

భుజం సాగకూడదు, చేతుల బరువంతా అక్కడే వేలాడుతుంది. అందుకని చీరలకి కుట్టగా మిగిలిన ఫాల్ ముక్కని సన్నటి పట్టీలా కత్తిరించి భుజం కుట్టులో కలిపేస్తాను. కింద మడత కుట్టేటప్పుడు మిషను పాదం గుడ్డని తొక్కి సాగదీసి అంచుని అలలు అలలుగా చేస్తుంది. పాదం ఒత్తిడి తగ్గించి, గుడ్డ కింద కాయితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయాలి. మొదట్లో పాత పేపరు పెట్టాను. తెల్ల బనీను అంచున ఎవరిదో పెళ్ళి ప్రకటన సగం అచ్చయింది. అప్పట్నుంచి తెల్ల కాయితమే.

చేతి చివర బిగుతు పట్టీ నేను వెయ్యను. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు చెయ్యి పైకి తోస్తే మోచేతి దగ్గర రక్తం ఆడాలి. వెనక ముక్క ముందుకన్నా అంగుళం దిగుతుంది, అదీ పొడుగు లెక్కలోనే. ఈ రెండూ ఏ ఆదిలోనూ లేవు, వదిన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పినవి.

ఇప్పుడు గల్ఫు వెళ్ళేవాళ్ళతోపాటు చదువులకి వెళ్ళే పిల్లలూ వస్తున్నారు. కిందటేడు అమలాపురం నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. కెనడా వెళ్తోందట, అర డజను కావాలన్నారు. రెండే కుట్టించుకోమన్నాను. బేరం ఎందుకు పోగొట్టుకుంటున్నానా అని ఆయన అనుమానంగా చూశాడు. "ఇంట్లో, క్లాసులో వేసుకోవడానికి ఇది బంగారం అమ్మా. మంచులో నడిచేటప్పుడు మటుకు నూలుది వద్దు. చెమట పీల్చుకుని తడిసి, ఆ తడి ఒంటికి అతుక్కుని చలి ఇంకా ఎక్కువవుతుంది. ఉన్నిదో, పాలిస్టరుదో అక్కడ కొనుక్కో" అని చెప్పాను. మా ఇళ్ళలో ఒక మందపాటి దుప్పటి కన్నా రెండు పల్చటి దుప్పట్లు వెచ్చగా ఉంటాయని ముసలమ్మలకీ తెలుసు. మధ్యలో చిక్కుకున్న గాలే వెచ్చదనం. ఒంటిని అంటుకుని ఒకటి, దాని మీద వదులుగా ఒకటి, పైన గాలి ఆపేది ఒకటి. మొదటిది సరిగ్గా కూర్చుంటేనే మిగతా రెండూ పనిచేస్తాయి.

వదిన రెండేళ్ళకి వచ్చింది. అడక్కుండానే మూడు కుట్టి పెట్టాను. డబ్బు వద్దన్నాను, బల్ల మీద పెట్టేసింది. ఒకటి తీసుకుని నా ఎదురుగానే మెడలో రెండు చేతులూ దూర్చి బలంగా లాగింది. చెవులు రిక్కించాను. టప్పుమనలేదు. వదిలింది, మెడ మళ్ళీ గుండ్రంగా వచ్చి కూర్చుంది. "ఆయ్, ఇప్పుడు బాగుంది" అని సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి సెలవుకి వచ్చినప్పుడు బల్ల మీద మళ్ళీ ఒక వెలిసిన బనీను పెట్టింది. ఎవరు కుట్టారా అని అలవాటుగా తిరగేశాను. భుజం కుట్టులో ఆకుపచ్చ ఫాల్ ముక్క కనపడింది. నాదే.

"దీనికి ఆది ఇదే వదినా" అంది.

ఆవిడ వెళ్ళాక మెడ పట్టీకి టేపు పెట్టి చూశాను. నేను కుట్టినప్పుడు పద్దెనిమిదిమ్ముప్పావు. రెండు చలికాలాలు వాడి, ఉతికాక పందొమ్మిది. ఈసారి పద్దెనిమిదిన్నరకి కత్తిరించాను.